స్టిక్కర్ మీద 400 ఆంప్స్, గోడకి 16 ఆంప్స్ ప్లగ్గు

ప్రశ్న: మాస్టారూ, విశాఖ పోర్టులో గుమాస్తాగా చేసి మొన్ననే రిటైరయ్యాను. మధురవాడలో సొంత ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు వేయించుకున్నాను. కుండీల స్టాండ్లు, పాత గేటుకి అతుకులు, మనవడికి ఊయల స్టాండు, ఇలాంటివన్నీ నా చేత్తో చేసుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. ఆన్‌లైన్‌లో 400 ఆంప్స్ వెల్డింగ్ మెషిన్ ఆరు వేల చిల్లరకి చూపిస్తోంది. ఆటోనగర్‌లో అడిగితే 200 ఆంప్స్‌దానికే పదకొండు వేలు చెప్పాడు. మా బావమరిదేమో ఇవన్నీ ఆటబొమ్మలు బావా, సెకండ్ హ్యాండ్‌లో పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ పట్టుకో, నీ తర్వాత నీ మనవడు కూడా వాడతాడు అంటున్నాడు. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. ఏది కొనమంటారు?
- ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ముందు ఆ 400 సంగతి తేల్చేద్దాం. రాడ్డు వెల్డింగ్‌లో ఎన్ని ఆంప్స్‌కి ఎంత వోల్టేజీ లెక్క వేసుకోవాలో ఒక పద్ధతి ఉంది, ఆంప్స్‌ని 0.04తో గుణించి 20 కలపడమే. 400కి 36 వోల్టులు వస్తుంది. రెంటినీ గుణిస్తే 14,400 వాట్లు. మీ మేడ మీది పవర్ ప్లగ్గు 16 ఆంప్స్‌ది, 230 వోల్టుల దగ్గర అది గీకి గీకి ఇచ్చేది 3,680. ఒక బిందెలోంచి నాలుగు బిందెల నీళ్లు ఎలా పోస్తాడో ఆ స్టిక్కర్ అంటించినవాణ్ణే అడగాలి.

పోనీ ఆ 3,680 అయినా మొత్తం ఆర్క్‌కి, అంటే రాడ్డు కొన దగ్గర వెలిగే మంటకి, చేరుతుందా అంటే అదీ లేదు. మీరు చూసినలాంటి చిన్న మెషిన్లని, లోపల ఎలక్ట్రానిక్ కార్డుతో నడిచేవాటిని, ఇన్వర్టర్ మెషిన్లంటారు. మామూలు సింగిల్ ఫేజ్ దానికి పవర్ ఫ్యాక్టర్, అంటే లైను నుంచి లాగినదాంట్లో పనికొచ్చే వంతు, 0.7 దగ్గర్లో ఉంటుంది, లోపల వేడి కింద పోయేది ఇంకొంత, రెండూ తీసేస్తే రాడ్డు కొనకి చేరేది 2,100 వాట్లు, అంటే సుమారు 90 ఆంప్స్. ఇంతేనా అని నీరసపడిపోకండి. మనవాళ్లు 12 నంబర్ అనే రాడ్డుకి, పెట్టె మీద 2.5 ఎంఎం అని ఉంటుంది, కావలసింది 60 నుంచి 90 వరకే. కుండీల స్టాండుకి వాడే స్క్వేర్ పైపుకీ యాంగిల్‌కీ ఆ రాడ్డే బాగుంటుంది, ఇంకా లావు రాడ్డు పెడితే పైపుకి బొక్క పడుతుంది. గేటు కమ్మీలకి, 5 ఎంఎం ఫ్లాట్‌కి 10 నంబర్ రాడ్డు, అంటే 3.15 ఎంఎం, వాడాలనుకుంటే 90 నుంచి 130 వరకు కావాలి. దానికి మాత్రం మెయిన్ బోర్డు నుంచి మేడ మీదికి 4 చదరపు ఎంఎం రాగి వైరుతో విడిగా లైను, ఒక్కసారిగా లాగే కరెంటుకి పడిపోని 25 ఆంప్స్ సీ టైపు ఎంసీబీ, గట్టి ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి, మంచి ఎర్తింగ్‌తో సహా. మెషిన్ కొనేముందే ఈ పని చేయించండి. చాలామంది తిరగేసి చేస్తారు, ముందు మెషిన్ వస్తుంది, తర్వాత ప్లగ్గు కరుగుతుంది, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వస్తాడు.

ఇప్పుడు షాపుకి వెళ్లాక ఏం చూడాలో చెబుతాను. ముందువైపు రంగురంగుల స్టిక్కర్‌ని చూడనే చూడకండి, మెషిన్‌ని వెనక్కో పక్కకో తిప్పండి. అక్కడ చిన్న అక్షరాలతో రేటింగ్ ప్లేటు ఉండాలి, అందులో ఎక్స్ అనే వరుసలో శాతాలు, వాటి కింద ఆంప్స్ ఉంటాయి. దాన్నే డ్యూటీ సైకిల్ అంటారు. 60 శాతం కింద 200 ఆంప్స్ అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు 200 మీద కాల్చుకోవచ్చు, నాలుగు నిమిషాలు దాన్ని వదిలెయ్యాలి. ఆంప్స్ తగ్గించుకుంటే ఆ శాతం పెరుగుతుంది, అదే మెషిన్ 155 దగ్గర ఆగకుండా నడుస్తుంది. ఆ పట్టికే లేని మెషిన్‌ని అక్కడే వదిలేసి టీ తాగి ఇంటికి వచ్చేయండి. పట్టిక ఉంటే మీరు వెతకాల్సింది 120 ఆంప్స్ దగ్గర ఎంత ఉందని, అక్కడ 60 శాతం ఇస్తే మీకది జన్మకి చాలు. ఎందుకంటే ఒక 12 నంబర్ రాడ్డు నిమిషం అటూఇటూగా అయిపోతుంది, తర్వాత స్లాగ్, అంటే అతుకు మీద గట్టిపడ్డ పెచ్చు, కొట్టాలి, వైర్ బ్రష్ వెయ్యాలి, వంగిందేమో చూసి రెండు దెబ్బలు వెయ్యాలి, మళ్లీ క్లాంపు పెట్టాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఆర్క్ కాలిస్తే గొప్ప. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సరైన కంపెనీలు ఈ శాతాల్ని 40 డిగ్రీల వేడి దగ్గర కొలిచి రాస్తాయి, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆ అంకెలో కొంత తగ్గించుకునే చూడండి. చవకవాటిలో ఎంత వేడి దగ్గర కొలిచారో కూడా రాయరు.

అదే ప్లేటులో ఐ వన్ ఎఫెక్టివ్ అని ఇంకో అంకె ఉంటుంది. మెషిన్ మీ ఇంటి లైను నుంచి నికరంగా ఎంత కరెంటు లాగుతుందో చెప్పేది అదే, మీ ఎలక్ట్రీషియన్‌కి ఫొటో తీసి పంపండి, ఏ వైరు వెయ్యాలో అతనే చెబుతాడు.

ఇక బావమరిదిగారి మాట. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. పాత రాగి వైండింగ్ ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్లో పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఉప్పుగాలికి పైన డబ్బా తుప్పు పడుతుందేమోగానీ లోపల వైండింగ్ అలాగే ఉంటుంది. గాజువాక షెడ్లలో నేను ముప్పై ఏళ్లు పనిచేశాను, అందులో సగం రోజులు అలాంటివాటి మీదే. కానీ ఆయన చెప్పనిది ఏంటంటే షెడ్లలో వాడే వాటిలో చాలా భాగం రెండు ఫేజుల మీద నడిచేవి, మీ ఇంట్లో ఉన్నది ఒక్క ఫేజు. సింగిల్ ఫేజ్‌ది దొరికినా అది ఇన్వర్టర్ కన్నా బాగా ఎక్కువ కరెంటు లాగుతుంది, మీరు రాడ్డు తాకించినప్పుడల్లా వీధిలో బల్బులు కన్నుకొడతాయి. నలుగురు పట్టుకుంటేగానీ మేడ ఎక్కదు. పైగా మామూలుగా అవి ఏసీ ఇస్తాయి, మన ఊరి చెమటకి చేతి గ్లౌజు తడిసిపోయినప్పుడు ఏసీ కొట్టే షాకు డీసీ కన్నా ప్రమాదం. బావమరిదికి నా తరఫున నమస్కారం చెప్పి ఇన్వర్టరే తీసుకోండి. లోపల కార్డు మీద కరెంటుని ఆపి వదిలే భాగాలు ఐజీబీటీ రకమా మాస్‌ఫెట్ రకమా అని షాపువాడు ఊదరగొడతాడు, ఇప్పుడు చాలావాటిలో ఐజీబీటీనే ఉంటోంది, ఆ అక్షరాల కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇన్వర్టర్‌తో ఉన్న తంటా వేరు. నేను మొదట కొన్నది, పేరెందుకులెండి, చవగ్గా వచ్చిందని కొన్నాను. రెండో ఎండాకాలం దాటలేదు. స్క్రూలు విప్పి మూత తీస్తే లోపల కార్డు నిండా నల్లటి పొడి, వేలితో రాస్తే కాటుకలా అంటింది. గ్రైండర్ నుంచి వచ్చిన ఇనప రజను అది. మెషిన్ వెనకున్న ఫ్యాన్ బయట ఏముంటే అది లోపలికి లాగుతుంది, నేనేమో కటింగ్ వీల్ దాని పక్కనే పెట్టుకుని ఏడాదిన్నర కోశాను. ఇనప పొడి కరెంటు పారనిస్తుంది, పైగా వానాకాలం తేమ. కార్డు మీద రాగి కాళ్ల దగ్గర చిలుం పట్టి పచ్చగా పొక్కులు. మెషిన్ తప్పు ఎంతో నా తప్పు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదుగానీ, ఆ తర్వాత కొన్నదాన్ని గ్రైండర్‌కి ఆరడుగుల దూరంలో, నేల మీద కాకుండా స్టూలు మీద పెడుతున్నాను, పని అయ్యాక ఫ్యాన్ ఓ ఐదు నిమిషాలు తిరగనిచ్చి, చల్లారాక దుప్పటి గుడ్డ కప్పుతున్నాను, రెండు నెలలకోసారి ప్లగ్గు పీకేసి, కాసేపు ఆగి బ్లోయర్‌తో ఊదుతున్నాను. తొమ్మిదేళ్లు అయింది. మీది మధురవాడ, రుషికొండ గాలి నేరుగా తగులుతుంది, మీకు ఇది ఇంకా అవసరం.

అందుకే ఆటోనగర్ షాపువాడు ఐదు వేలు ఎక్కువ చెప్పాడని అప్పుడే కోప్పడకండి. అతన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది, "కార్డు పోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లు?" అని. మెషిన్‌ని బండి వెనక కట్టుకుని వెళ్లి ఇచ్చి వారంలో తెచ్చుకునేలా ఊళ్లోనే మనిషి ఉన్నాడంటే ఆ ఐదు వేలు దండగ కాదు. ఉన్నాడని నోటితో చెబితే చాలదు, వారంటీ బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి. ఆన్‌లైన్‌ది పాడైతే అట్టపెట్టెలో ప్యాక్ చేసి ఏ ఊరికో పంపి ఎదురుచూడాలి. అడార్, ఈసాబ్ లాంటి పాత పేర్లు మన దేశంలో మెషిన్లూ రాడ్లూ రెండూ చేస్తున్నాయి, వాటికి చెయ్యి కొంచెం పెద్దది చేసుకోవాలి. అలాగని చైనా నుంచి తెచ్చి ఇక్కడ పేరు వేసి అమ్మేవన్నీ చెత్త అనను, వాటిలో కొన్నిటికి కార్డులు ఆటోనగర్‌లో ఇట్టే దొరుకుతాయి, బాగుచేసేవాడికి వాటి మీదే చెయ్యి తిరిగి ఉంటుంది. 1948లో జల ఉష ఓడని నీళ్లలోకి దింపిన ఊరు మనది, ఒక పక్క షిప్‌యార్డు, ఇంకో పక్క స్టీల్ ప్లాంటు, రాడ్లకీ కేబుళ్లకీ బాగుచేసే చేతులకీ కరువులేని చోట ఉండి మెషిన్‌ని కొరియర్‌లో తెప్పించుకోవడం నాకెందుకో నచ్చదు.

కొనేముందు అక్కడే కాల్చి చూపించమనండి. మీ వెంట ఓ అడుగు 5 ఎంఎం ఫ్లాట్ ముక్క, నాలుగు 10 నంబర్ రాడ్లు పట్టుకెళ్లండి. 110 దగ్గర పెట్టి నాలుగూ వరసగా కాల్చమనండి, మీకు రాకపోతే షాపులో కుర్రాడు కాలుస్తాడు. మూడో రాడ్డుకే వేడెక్కిపోయిందని పసుపు లైటు వెలిగి ఆగిపోతే దండం పెట్టి రండి. షాపులో డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే కేబుల్‌కి తగిలించి చూడండి, మెషిన్ డిస్‌ప్లేలో 110 అని, మీటర్లో 80 అని చూపించినవి నేను చూశాను. మెషిన్‌తో వచ్చే కేబుల్ కొనని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఆ ఒక్క కారణంతో మెషిన్‌ని వద్దనక్కర్లేదు, ధర తగ్గించమని అడిగి అసలు రాగి కేబుల్ విడిగా కొనుక్కోండి. హోల్డరూ ఎర్త్ క్లాంపూ ఎలాగూ మార్చుకోవాల్సిందే, ఉచితంగా ఇచ్చేవి ఎప్పుడూ రేకు ముక్కల్లాగే ఉంటాయి.

ఊయల మాత్రం మొదటి పనిగా పెట్టుకోకండి. ముందు ఓ ఇరవై అతుకులు వేసి, వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టి చూడండి. అతుకు దగ్గర ఊడొచ్చి లోపల మెరుస్తూ నున్నగా కనిపిస్తే ఇనుము కరగలేదు, పైన పూత పూశారంతే. పక్కనున్న పైపు వంగి, అతుకు నిలబడే రోజు వచ్చాక మనవణ్ణి ఎక్కించండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పని చేసుకుంటాను. 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతున్నాను, చుట్ట కొంచెం విప్పి మిగతాది అలాగే ఉంచుతాను. రాడ్డు తాకించగానే ఒక్కోసారి ఎంసీబీ పడిపోతోంది, ఒక్కోసారి రాడ్డు అతుక్కుపోతోంది. పక్క ఫ్లాట్ ఆయన టీవీ ఆగిపోతోందని రోజూ గొడవ. మెషిన్ మార్చాలా?
- ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మెషిన్‌ని ఏమీ అనకండి పాపం. ఆ బాక్సులో వైరు ఎంత లావో చూశారా? చాలావాటిలో ఉండేది 1 చదరపు ఎంఎం, కొన్నిట్లో అదీ ఉండదు. 15 ఆంప్స్ పారితే 20 మీటర్ల పొడవునా 11 వోల్టులు తీగలోనే తినేస్తుంది, 160 వాట్ల వేడి పుడుతుంది. చుట్ట విప్పకుండా ఉంచితే ఆ వేడి పోవడానికి దారి లేదు, మీరు సెల్లార్‌లో స్కూటర్ల మధ్య చిన్న హీటర్‌కి దుప్పటి కప్పి పెట్టినట్టే. 4 చదరపు ఎంఎం రబ్బరు కేబుల్ కొనండి, మొత్తం విప్పి వాడండి. రాడ్డు అతుక్కోవడంలో చాలావరకు దాంతోనే పోతుంది. ఎంసీబీ బీ టైపుదైతే ఒక్కసారిగా లాగే కరెంటుకి పడిపోతుంది, సీ టైపు పెట్టించండి, అంతేగానీ పడిపోతోంది కదాని అదే వైరుకి పెద్ద ఆంప్స్ ఎంసీబీ పెట్టేయకండి. అది పడిపోవడమే దాని ఉద్యోగం.

పక్కాయన టీవీ సంగతి చూడాలంటే ఆర్క్ కాలుతుండగా సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. 200 కిందికి దిగుతోందంటే లైనులోనే నీరసం ఉంది. మీ మీటర్‌కి మంజూరైన లోడు రెండు కిలోవాట్లే అయితే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి పెంచుకోండి. సెల్లార్‌లో కామన్ మీటర్ నుంచి లాగుతున్నట్టయితే ఆయన గొడవలో న్యాయం ఉంది, ముందు అసోసియేషన్‌తో మాట్లాడుకోండి.

జనరేటర్ మీద నడిపితే పోలా అని మీకు ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు, ఎక్కడ చూసినా లేచిపోయిన రేకులు, వంగిన గేట్లు, అందరూ వెల్డర్ కోసం తిరుగుతున్నారు. 3 కేవీఏ జనరేటర్ ఒకటి అద్దెకి తెచ్చి మొదలుపెట్టాను, రెండో ఇంటి గేటు దగ్గర టప్‌మని శబ్దం, కార్డు పోయింది. తప్పు నాదే. 100 ఆంప్స్ కాల్చేటప్పుడు మెషిన్ నాలుగు కేవీఏ పైనే లాగుతుంది, ఆరు ఏడు కేవీఏ జనరేటర్ లేకుండా ముట్టుకోకూడదు.

ప్రశ్న: రాడ్డు వెల్డింగ్ పాతబడిపోయింది, రాడ్డు బదులు చుట్ట నుంచి తీగ వచ్చే మిగ్ నేర్చుకోవడం తేలిక అంటున్నారు. నాది భీమిలి రోడ్డులో ఇల్లు, పెరట్లోనే పని. గ్యాస్ లేని మిగ్ కొనొచ్చా? దాంతో అల్యూమినియం నిచ్చెన కూడా అతికించుకోవాలి.
- ఒక పాఠకురాలు, భీమిలి రోడ్డు

జవాబు: నిచ్చెన ఆశ వదిలేయండమ్మా, అల్యూమినియంకి ఆర్గాన్ గ్యాస్ సిలిండర్ ఉండాల్సిందే, ఎక్కువగా టిగ్ అనే వేరే రకం వెల్డింగ్‌తో ఏసీ మీద చేస్తారు, ఇంట్లోవాళ్లు ఎక్కే నిచ్చెన నేర్చుకునే చేత్తో అతికించేది కాదు. మిగ్ నేర్చుకోవడం తేలికన్నది నిజమే, ట్రిగ్గర్ నొక్కితే తీగ అదే వస్తుంది, సన్న రేకు మీద రాడ్డు కన్నా బాగా మాట వింటుంది. గ్యాస్‌తో అయితే మీ పెరట్లో కుదరదు, సముద్రపు గాలి సంగతి అటుంచండి, టేబుల్ ఫ్యాన్ గాలికే అతుకుని కాపాడే గ్యాస్ చెదిరిపోయి అతుకంతా ఇడ్లీలా చిల్లులు పడుతుంది. గ్యాస్ లేనిది, లోపల పొడి నింపిన ఫ్లక్స్ కోర్డ్ తీగతో నడిచేది, గాలికి చాలావరకు తట్టుకుంటుంది. కొంటే లోపల గన్ కనెక్షన్‌ని మైనస్‌కి మార్చుకోవాలి, చాలామంది ఇది మర్చిపోయి తీగని తిడతారు. తీగ ఖరీదు ఎక్కువ, రవ్వలు ఎక్కువ, అన్నిటికన్నా తీగ చుట్ట మీ గాలికి నెలరోజుల్లో ఎర్రబడిపోతుంది, పని అయిన వెంటనే తీసి సిలికా జెల్ పొట్లాలు వేసి కవరులో కట్టేయాలి. అంత ఓపిక ఉంటే కొనుక్కోండి. నన్నడిగితే మిగ్గూ రాడ్డూ రెండూ చేసే మెషిన్ ఒకటి తీసుకుని, పెరట్లో ఆర్నెల్లు రాడ్డుతోనే చెయ్యి స్థిరం చేసుకోమంటాను.

ప్రశ్న: పోయినేడాది కొన్న రాడ్ల పెట్టె మిగిలింది. ఇప్పుడు వాడితే చిటపటలాడుతున్నాయి. పారేయాలా? 7018 రాడ్లు మంచివంటున్నారు, అవి తెచ్చుకోనా?
- ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: నాలుగు రాడ్లు గుప్పిట్లో పట్టుకుని ఆడించి చూడండి. గలగలమని గట్టిగా మోగితే ఎండినవి, మెత్తగా డబడబమంటే తేమ పట్టినవి. మీవి ఇళ్లలో మామూలుగా వాడే 6013 రకం రాడ్లే అయితే 100 డిగ్రీల పైన ఓ గంట ఆరబెడితే చాలావరకు దారికొస్తాయి, వంటింటి ఓవెన్ మాత్రం వాడకండి. పూత పగిలి రాలుతున్నవి పారేయాల్సిందే. పాడైన ఫ్రిజ్ డబ్బా దొరికితే లోపల 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలిగించి రాడ్లు అందులో పెట్టుకోండి, ఎల్ఈడీ పెడితే వేడి రాదు. 7018 గొప్పదే, కానీ దాన్ని 300 డిగ్రీల పైన కాల్చి వేడిగానే తీసి వాడాలి, ఇంట్లో కుండీల స్టాండుకి ఆ సేవ ఎవరు చేస్తారు?

ప్రశ్న: మా ఆయన సెలవు రోజుల్లో పెరట్లో వెల్డింగ్ చేస్తారు, మామూలు నల్ల కళ్లద్దాలతోనే. మొన్న రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుందని నిద్రపోలేదు. అత్తయ్య ఎవరో బాలింత పాలు తెచ్చి వేయించారు. మా మావయ్యగారికి పేస్‌మేకర్ ఉంది, ఆయన కూడా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పరవాలేదా?
- ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: రెండూ పరవాలేదు అనేవి కావమ్మా. ఆర్క్ వెలుతురు కంటి పైపొరని కాలుస్తుంది, నొప్పి అప్పుడే తెలియదు, ఆరేడు గంటలు పోయాక అర్ధరాత్రి తెలుస్తుంది. పాలు, బంగాళాదుంప చక్రాలు, ఇవన్నీ మా షెడ్డులోనూ వేసేవాళ్లు, కాలిన కంట్లో అలాంటివి వేస్తే ఇన్ఫెక్షన్ వచ్చే భయం ఉంది. మళ్లీ అలా అయితే నేరుగా కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నల్ల కళ్లద్దాలు ఎండకి, దీనికి 10 లేదా 11 నంబర్ గ్లాసున్న హెల్మెట్ కావాలి, ఆర్క్ వెలగగానే దానంతటదే నల్లబడేవి కూడా ఇప్పుడు అందుబాటు ధరలోనే ఉన్నాయి. మెషిన్ కొన్న మనిషికి అదొక లెక్క కాదు.

మావయ్యగారి కుర్చీ ఇవాళే ఇంట్లోకి మార్చండి. వెల్డింగ్ కేబుళ్ల చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం పేస్‌మేకర్‌ని తికమకపెట్టగలదు, ఎంత దూరంలో ఉంటే చాలో ఆ పేస్‌మేకర్ పెట్టిన గుండె డాక్టర్నే అడగాలి. అడిగి వచ్చేదాకా మీ ఆయన్ని ప్లగ్గు పెట్టొద్దనండి, నేను చెప్పానని చెప్పండి.